గుండె ఆపడమంటే: అపోహలు – వాస్తవాలు

నేను పెర్ఫ్యూజనిస్టుని. ఓపెన్ హార్ట్ ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ గుండె, ఊపిరితిత్తుల పని తను చేసే హార్ట్-లంగ్ మిషన్ నడిపేది మేమే. సర్జన్ పేరు పేషెంట్ తరఫు వాళ్లందరికీ తెలుసు, మేమున్నట్టు ఎవరికీ తెలీదు. అయినా థియేటర్ బయట ఆకుపచ్చ బట్టల్లో కనిపిస్తే చాలు, ఆపి అడుగుతారు. ఎక్కువగా వినిపించేవి ఇవి.

అపోహ: గుండె నిండా రక్తమే, దానికి రక్తం కొరతేంటి?

బ్యాంకు క్యాషియర్ రోజూ లక్షలు లెక్కపెడతాడు, ఇంటికి మాత్రం తన జీతమే తీసుకెళ్లాలి. గుండె సంగతీ అంతే. గదుల్లోంచి పారే రక్తం గుండె కండకి దాదాపు అందదు. పైన అల్లుకున్న కరోనరీ నాళాలే దాన్ని పోషించాలి. ఒంటికి రక్తం తోసే ఎడమ కింది గదికి (ఎడమ జఠరిక) ఆ రక్తం కూడా చాలావరకు గుండె సడలినప్పుడే వెళ్తుంది. బిగుసుకున్నప్పుడు కండే తన నాళాల్ని నొక్కేస్తుంది. గుండె వేగం పెరిగితే సడలే సమయం తగ్గిపోతుంది. అంటే పని పెరిగి, తిండి తగ్గుతుంది.

ఇంకో చిక్కుంది. ఒళ్లు మొత్తం మీద చూస్తే, వచ్చిన ఆక్సిజన్‌లో పావు వంతే ఖర్చవుతుంది. గుండె మాత్రం మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా 70 శాతం దాకా లాగేస్తుంది. ఇంకా కావాలంటే ఎక్కువ రక్తం రావాల్సిందే. నాళం మూసుకుపోయినప్పుడు అదెక్కడి నుంచి వస్తుంది? కాబట్టి దారి తెరిచేదాకా మన చేతిలో ఉన్నది గుండె అవసరం తగ్గించడమే.

అపోహ: గుండె ఆపితే సగం చచ్చినట్టే

"సార్, నాన్న గుండె ఆపేస్తారంట కదా, మళ్లీ కొట్టుకోకపోతే?" అని ఒక కుర్రాడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కొట్టుకుంటూ ఆకలితో ఉన్న గుండె కన్నా, ఆగి నిద్రపోతున్న గుండెకే ప్రమాదం తక్కువని అతనికి చెప్పాను.

గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళం, అంటే బృహద్ధమనికి సర్జన్ క్లాంప్ వేయగానే గుండెకి రక్తం ఆగిపోతుంది. వెంటనే మేం 4 డిగ్రీల దగ్గర చల్లబరిచిన, గుండెని ఆపే కార్డియోప్లెజియా ద్రావణం వదులుతాం. అందులో అసలు సరుకు పొటాషియం. కొన్ని సెకన్లలో మానిటర్ మీద గీత చదునైపోతుంది, అప్పటిదాకా ఎగిరిపడిన గుండె సర్జన్ చేతిలో మెత్తగా వాలిపోతుంది. ఎన్నేళ్లు చూసినా ఆ క్షణంలో నా కళ్లు మానిటర్ మీద నుంచి కదలవు. ఆగడంతోనే ఆక్సిజన్ అవసరం దాదాపు 90 శాతం పడిపోతుంది, చల్లదనం ఇంకాస్త తగ్గిస్తుంది. మామూలు ద్రావణమైతే ఇరవై నిమిషాలకోసారి ఇస్తాం. డెల్ నీడో రకమైతే ఒక డోసు గంట పైనే కాస్తుంది. (కిడ్నీ జబ్బున్న వాళ్లని కొబ్బరినీళ్లు తాగొద్దనేది ఈ పొటాషియం భయంతోనే.)

1955లో లండన్‌లో మెల్‌రోజ్ అనే డాక్టర్ పొటాషియంతో గుండె ఆపి చూపించాడు. మోతాదు మరీ ఎక్కువై కండ దెబ్బతినడంతో ఆ పద్ధతిని పక్కన పెట్టేశారు. మోతాదు తగ్గించి మళ్లీ వాడకంలోకి తెచ్చేసరికి 1970లు వచ్చాయి.

క్లాంప్ తీసి వెచ్చటి రక్తం వదిలితే చాలాసార్లు గుండె తనంతట తనే మొదలెడుతుంది. మొండికేస్తే చిన్న షాక్ ఇస్తారు.

అపోహ: గుండెపోటులో రక్తం ఆగిన చోట కండ అప్పుడే పోయింది, ఇక తొందరెందుకు?

కండ ముడుచుకోవడం మానేసేది నిమిషంలోపే. చావడం మొదలయ్యేది మాత్రం ఇంచుమించు ఇరవై నిమిషాలకి. అదీ లోపలి పొర నుంచి బయటికి, కొన్ని గంటలపాటు పాకుతుంది. ఆలోపు దారి తెరిస్తే మిగిలిన కండ బతికే ఉంటుంది, కాకపోతే దిమ్మెరపోయి కొన్నాళ్లు పని చెయ్యదు. అందుకే ఎటాక్ వచ్చిన రెండో రోజు ఎకోలో ఈఎఫ్ (ఒక్కో దెబ్బకి గుండె తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తుందన్న లెక్క) 35 అని చూసి బెంగపడొద్దు. కొన్ని వారాలాగి మళ్లీ తీయించండి, చాలామందిలో పెరుగుతుంది.

అపోహ: చేతికి బీపీ పట్టీ బిగించి వదులుతుంటే గుండెకి రక్షణ

దీని వెనక నిజమైన సైన్సే ఉంది. 1986లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో కుక్కల గుండె నాళాన్ని ఐదేసి నిమిషాలు నాలుగుసార్లు మూసి తెరిచారు. తర్వాత 40 నిమిషాలు మూసినా, ముందు అలవాటు చెయ్యని కుక్కలతో పోలిస్తే నాలుగో వంతు కండే పోయింది. చేతికి రక్తం ఆపి వదిలినా గుండె ఇలాగే తట్టుకుంటుందేమోనని అందరం ఆశపడ్డాం, నేనూ పడ్డాను. గుండె ఆపరేషన్ పేషెంట్లలో చేసిన రెండు పెద్ద పరీక్షలు 2015లో, ఎటాక్ వచ్చిన అయిదు వేల మందికి పైగా పేషెంట్లలో చేసినది 2019లో తేల్చిందేమిటంటే, లాభం లేదని. అప్పుడప్పుడూ వచ్చే నొప్పి గుండెని రాటుదేలుస్తుందని ఊరుకునేవాళ్లు కూడా ఇది గమనించాలి.

అపోహ: గుండె కొట్టుకుంటుండగా చేసే బైపాసే మేలు

అది సర్జన్ అలవాటును బట్టి, పేషెంట్ నాళాలను బట్టి ఉంటుంది. ఆ పద్ధతిలో నాకు పని తక్కువ కాబట్టి ఇంతకంటే మాట్లాడను.

అపోహ: గ్యాస్ నొప్పే, నడిస్తే తగ్గుతుంది

ఛాతీ నొప్పికి సోడా తాగి, తగ్గక, మెట్లు దిగి, తనే బండి నడుపుకుంటూ వచ్చి ఓపీ చీటీ లైన్లో చెమటలు కక్కుతూ నిలబడ్డాయన్ని నా కళ్లతో చూశాను. ఆకలితో ఉన్న గుండె చేత చేయించకూడని పనులన్నీ వరసగా చేయించాడాయన. ఇంట్లో కార్డియోప్లెజియా ఉండదు, కుర్చీ ఉంటుంది. కూర్చోండి, 108కి ఫోన్ చేయండి. మొదటి ఈసీజీ మామూలుగా వచ్చినా నొప్పి తగ్గకపోతే, కాసేపాగి మళ్లీ తీయమని గట్టిగా అడగండి.