ఐబీఎస్‌కు హిప్నోథెరపీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: రిపోర్టులన్నీ నార్మల్ వచ్చాయంటే జబ్బు లేనట్టే, అంతా మనసులోనే ఉంది.

వాస్తవం: ఐబీఎస్ అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పొట్టనొప్పి, మోషన్‌లో తేడాలు పదేపదే వచ్చే పేగు సమస్య. హిప్నోథెరపిస్ట్‌గా నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఈ మాట ఇంట్లోవాళ్ల నోట విని విని నొచ్చుకున్నవాళ్లే. వాళ్ల నొప్పి నిజం. పేగులో పుండో గడ్డో ఉండదు కాబట్టి కొలనోస్కోపీలో ఏమీ దొరకదు. తేడా ఉన్నది పేగుకూ మెదడుకూ మధ్య నడిచే నరాల సంకేతాల్లో. మామూలు గ్యాస్ కదలిక కూడా వీళ్లకు నొప్పిగా తెలుస్తుంది. బస్సెక్కాలంటే టెన్షన్, టెన్షన్‌తో మోషన్, మళ్లీ ఎక్కడ వస్తుందోనని ఇంకా భయం. హిప్నోథెరపీలో మేం పట్టుకునేది ఈ చక్రాన్నే. ఒళ్లు వదులు చేసి కళ్లు మూసుకున్నాక, పొట్ట మీద చెయ్యి ఆనించి, ఆ వెచ్చదనం లోపలికి పాకి పేగులు నెమ్మదిస్తున్నట్టు ఊహించమంటాం.

అపోహ: ఇది వశీకరణం. స్పృహ పోతుంది.

వాస్తవం: పోదు. నా మాటలు వినిపిస్తూనే ఉంటాయి. ఇష్టం లేకపోతే లేచి వెళ్లిపోవచ్చు.

అపోహ: దీనికి శాస్త్రీయ ఆధారం లేదు.

వాస్తవం: 1984లోనే మాంచెస్టర్‌కు చెందిన డాక్టర్ పీటర్ వోర్వెల్ బృందం, వేరే చికిత్సలతో తగ్గని 30 మంది మీద చేసిన హిప్నోథెరపీ ట్రయల్‌ను లాన్సెట్ అనే వైద్య పత్రిక ప్రచురించింది. అదే మాంచెస్టర్ నుంచి 2003లో వచ్చిన అధ్యయనంలో 204 మందిలో 71 శాతం మందికి ఉపశమనం కలిగింది. పోల్చిచూడడానికి వేరే గ్రూపు లేని అధ్యయనమది, అందుకే ఆ అంకెను నేను ఎవరికీ హామీగా చెప్పను. 2016లో ఆస్ట్రేలియాలోని మోనాష్ పరిశోధకులు దీన్ని లో-ఫాడ్‌మాప్ డైట్‌తో, అంటే పేగులో పులిసి గ్యాస్ చేసే కొన్ని రకాల పిండిపదార్థాలను తగ్గించే ఆహార నియమంతో, పోల్చారు. రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ మానేయడం మన ఇళ్లలో ఎంత కష్టమో తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

అపోహ: ఒక్క సిట్టింగ్‌తో నయం.

వాస్తవం: సాధారణంగా 7 నుంచి 12 సెషన్లు, సుమారు మూడు నెలలు. రోజూ ఇంట్లో ఆడియో వింటూ సాధన చేయాలి. ఒక్కరోజులో తగ్గిస్తామనేవాళ్లకు దయచేసి డబ్బు కట్టకండి.

అపోహ: డాక్టర్‌తో పనిలేదు.

వాస్తవం: మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, రాత్రి నిద్రలేపే విరేచనాలు, యాభై దాటాక మొదటిసారి మొదలైన బాధ: వీటిలో ఏది ఉన్నా ముందు గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరకే వెళ్లాలి. ఐబీఎస్ అని ఆయన తేల్చాకే నేను సెషన్ మొదలుపెడతాను. ఆయన రాసిన మందులు ఆపేది కూడా ఆయన్ని అడిగాకే.