హార్లిక్స్ వెనక 17 వేల కోట్లు: గుడ్‌విల్ ఇంత పెద్దదెలా అయింది

హిందుస్థాన్ యూనిలీవర్ షేర్లు మన విజయవాడ, గుంటూరు ఇళ్లలో చాలామంది దగ్గరున్నాయి, కొన్నిచోట్ల తండ్రి కొన్నవి పిల్లల పేరు మీదకి కూడా మారాయి. ఆ కంపెనీ 2020 మార్చి బ్యాలెన్స్ షీటూ 2021 మార్చిదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. 8,000 కోట్ల దగ్గరున్న నెట్‌వర్త్, అంటే ఆస్తుల్లోంచి బాకీలు తీసేస్తే మిగిలేది, ఒక్క ఏడాదిలో 47,000 కోట్లు దాటింది. పోనీ అంత లాభం వచ్చిందా అంటే లేదు, ఆ ఏడాది లాభం 8,000 కోట్లకి కాస్త తక్కువ. ఆస్తుల వైపు చూస్తే అసలు సంగతి కనిపిస్తుంది: బ్రాండ్ల వంటి కంటికి కనపడని ఆస్తులు 27 వేల కోట్ల పైన, గుడ్‌విల్ 17,300 కోట్ల పైచిలుకు. దాదాపు అదంతా హార్లిక్స్, బూస్ట్ చేతికొచ్చినందువల్లే.

గుడ్‌విల్ సంగతి బీసెంట్ రోడ్డులో షాపు తీసుకున్న ఎవరికైనా తెలుసు. ర్యాకులకీ సరుక్కీ ఇచ్చేది కాక, ఆ చోటికి అలవాటు పడ్డ గిరాకీ కోసం ఇంకో మొత్తం విడిగా అడుగుతారు. కంపెనీ లెక్క కూడా దాదాపు ఇంతే. ఫ్యాక్టరీ, సరుకు, బ్రాండు, బ్యాంకులో డబ్బు, ఇలా విడివిడిగా విలువ కట్టగలిగినవన్నీ కట్టి, అందులోంచి బాకీలు తీసేసి, చెల్లించిన ధర ఆ మొత్తం కన్నా ఎంత ఎక్కువుంటే అంత గుడ్‌విల్. ఇది కొన్నప్పుడే పుడుతుంది. లక్స్, సర్ఫ్ ఎక్సెల్ లాంటివి కంపెనీ తనే దశాబ్దాల పాటు పెంచుకున్న పేర్లు కాబట్టి వాటికి ఈ పద్దులో చోటే లేదు.

ఈ పద్దుతో తంటా పాతదే. 1901లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం ముందుకొచ్చిన ఒక పేరున్న కేసు మార్గరిన్, అంటే వెన్నకి బదులు వాడేది, తయారుచేసే కంపెనీదే. మంచి పేరు, పాత పరిచయాలు, గిరాకీని లాక్కొచ్చే శక్తి, ఇదే గుడ్‌విల్ అని లార్డ్ మక్‌నాటెన్ అందులో చెప్పిన మాటని లాయర్లు ఇప్పటికీ వాడతారు. అయితే ఆ రోజుల్లో గుడ్‌విల్ మోయడాన్ని పెద్ద కంపెనీలు గౌరవంగా చూడలేదు. అమెరికాలో చవక సరుకుల దుకాణాలు నడిపిన వూల్‌వర్త్ తన పుస్తకాల్లో 5 కోట్ల డాలర్లున్న గుడ్‌విల్‌ని 1920లలో 1 డాలర్‌కి దించేసింది. ఈ గాలి అంకె మాకక్కర్లేదు, మా దగ్గర గట్టి ఆస్తులున్నాయని చెప్పుకోవడం అప్పటి పద్ధతి.

1970లో అమెరికా రూల్ మారింది: గుడ్‌విల్‌ని ఎక్కువలో ఎక్కువ 40 ఏళ్లలో ఏటా కొంచెం కొంచెంగా లాభంలోంచి కొట్టేయాలి. బ్రిటన్‌లో మాత్రం కొన్న రోజే రిజర్వుల్లోంచి, అంటే పాత లాభాల నిల్వలోంచి, తీసేసే వీలుండేది. దానివల్ల లాభం తగ్గదు కానీ నెట్‌వర్త్ కరిగిపోతుంది. 1988లో నెస్లే కిట్‌క్యాట్ తయారుచేసే రౌన్‌ట్రీని దాదాపు 250 కోట్ల పౌండ్లకి కొన్నప్పుడు, పుస్తకాల్లో లేని బ్రాండ్ల విలువెంతో అందరికీ అర్థమైంది. అదే ఏడాది టేకోవర్ భయంలో ఉన్న ర్యాంక్ హోవిస్ మెక్‌డూగల్ అనే బ్రెడ్డు, పిండి కంపెనీ తను కొన్నవే కాక సొంతంగా పెంచుకున్న బ్రాండ్లకి కూడా వెల కట్టి 67.8 కోట్ల పౌండ్లు బ్యాలెన్స్ షీట్‌లోకి ఎక్కించింది. అక్కణ్ణుంచి బ్రాండ్ల లెక్క మీద గట్టి చర్చ మొదలైంది.

అసలు మలుపు 2001. అప్పటిదాకా రెండు కంపెనీల అంకెల్ని ఉన్నవున్నట్టు కలిపేసి గుడ్‌విల్ ఊసే రాకుండా చేసే దారి ఒకటుండేది, అమెరికా దాన్ని మూసేసింది. కంపెనీలు గోల పెట్టాయి. దానికి బదులుగా ఏటా కొట్టేసే రూల్ ఎత్తేశారు. కొన్న వ్యాపారం అంత విలువ చేస్తుందో లేదో ఏడాదికోసారి పరీక్షించాలి, పడిపోతేనే తగ్గించాలి. దీన్నే ఇంపెయిర్‌మెంట్ అంటారు. 2004లో అంతర్జాతీయ ప్రమాణాలు కూడా ఇదే దారి పట్టాయి. నాకైతే ఇది మంచి బేరంలా కనిపించదు. ఏటా తగ్గించినప్పుడు నొప్పి కొంచెం కొంచెంగా తెలిసేది. ఇప్పుడు ఏళ్ల తరబడి ఏమీ ఉండదు, తర్వాత ఒక్కరోజున గుండె ఆగినంత పనవుతుంది. 2015లో విలీనమైన అమెరికా ఆహార కంపెనీ క్రాఫ్ట్ హైంజ్ 2019 ఫిబ్రవరి 21న గుడ్‌విల్, బ్రాండ్లు కలిపి 1,540 కోట్ల డాలర్లు కొట్టేస్తే మర్నాడు షేరు 27 శాతం పడింది. అందులో పెద్ద వాటా ఉన్న వారెన్ బఫెట్ అంతటివాడు కూడా క్రాఫ్ట్‌కి ఎక్కువ ధర పెట్టామని ఒప్పుకున్నాడు. అదే ఏడాది జులైలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ జిలెట్ మీద 800 కోట్ల డాలర్లు తగ్గించింది.

మన దగ్గరికొస్తే, బ్రాడీపేట, అరండల్‌పేట కోచింగ్ సెంటర్లలో సీఏ చదివిన పాత బ్యాచ్‌ల వాళ్లకి అకౌంటింగ్ స్టాండర్డ్ 14 కంఠతా ఉంటుంది: విలీనంలో వచ్చిన గుడ్‌విల్‌ని మామూలుగా అయిదేళ్లలో కొట్టేయాలి, లేదా షరతులు కుదిరితే అంకెలు ఉన్నవున్నట్టు కలిపేసుకోవాలి. 1996లో హిందుస్థాన్ లీవర్‌లో (ఇప్పటి హిందుస్థాన్ యూనిలీవర్ అప్పటి పేరు) బ్రూక్‌బాండ్ లిప్టన్ కలిసినప్పుడు ఈ రెండో దారే పట్టారు. అందుకే మన ఇళ్లలో పొద్దున్నే మరిగే త్రీ రోజెస్ పేరుకి ఆ పుస్తకాల్లో చెప్పుకోదగ్గ విలువేదీ పడలేదు. 2016 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలకి ఇండ్ ఏఎస్, అంటే అంతర్జాతీయ ప్రమాణాల దారిలో రాసిన మన కొత్త అకౌంటింగ్ రూల్స్, వచ్చింది, ఇంపెయిర్‌మెంట్ పద్ధతీ దాంతోపాటే వచ్చింది.

హార్లిక్స్ ఈ కొత్త రూల్ కింద వచ్చింది. రాజమండ్రి పక్క ధవళేశ్వరంలో ఫ్యాక్టరీ ఉన్న గ్లాక్సో కన్స్యూమర్ హెల్త్‌కేర్‌ని కలుపుకుంటామని 2018 డిసెంబర్ 3న ప్రకటించారు. ఒక్కో గ్లాక్సో షేరుకి 4.39 లీవర్ షేర్లు, అప్పటి ధర ప్రకారం మొత్తం 31,700 కోట్లు. దేశంలో హార్లిక్స్ పేరు మీద హక్కు కోసం ఇంకో 3,045 కోట్లు విడిగా. అనుమతులన్నీ వచ్చి విలీనం పూర్తయింది 2020 ఏప్రిల్ 1న, అంటే లాక్‌డౌన్ మొదలై వారం తిరిగాక. సబ్బులు, సరుకులు అమ్మే కంపెనీయే భద్రమని మార్కెట్ అనుకుంటున్న రోజులవి, ప్రకటన నాడు 1,700 దాటిన లీవర్ షేరు ఆ రోజు దాదాపు 2,180 పలికింది. రూల్ ప్రకారం ఆ రోజు ధరే లెక్క. ఇచ్చిన షేర్ల సంఖ్య మారలేదు, వచ్చిన డబ్బాలూ ఫ్యాక్టరీలూ మారలేదు, కొనుగోలు ఖరీదు మాత్రం 40,000 కోట్లు దాటిపోయింది. పెరిగిన ఎనిమిది వేల కోట్ల పైచిలుకు హార్లిక్స్ గొప్పతనం వల్ల వచ్చింది కాదు, లీవర్ షేరు పెరగడం వల్ల వచ్చింది. నెల దాటీ దాటగానే మాతృసంస్థ గ్లాక్సో ఆ విలీనంలో తన చేతికొచ్చిన వాటా, కంపెనీలో 5.7 శాతం, షేరు 1,900 దరిదాపుల్లో అమ్ముకుని వెళ్లిపోయింది. 17,300 కోట్లు చూసి హార్లిక్స్ అంత విలువైనదా అని అడిగేవాళ్లకి ఈ తేదీల సంగతి చెప్పకపోతే జవాబు సగమే.

దీని ప్రభావం రిటర్న్ రేషియోల మీద ఇంకా ఉంది. నెట్‌వర్త్ మీద రాబడి 80 శాతం పైనుంచి ఒక్కసారిగా 20 శాతం లోపుకి పడింది. వ్యాపారమేమీ దెబ్బతినలేదు, కింద భాగహారంలో అంకె పెరిగిందంతే. 2020కి ముందు రేషియోల్నీ తర్వాతి వాటినీ ఒకే గీతలో పెట్టి కంపెనీ పడిపోయిందని వాదించేవాళ్లు ఈ పద్దు ఒకసారి చూడాలి.

2024 ఏప్రిల్‌లో హెల్త్ డ్రింక్స్ అన్న విభాగంలో బోర్న్‌విటా లాంటివి చూపొద్దని ఆన్‌లైన్ అమ్మకందారులకి కేంద్ర వాణిజ్య శాఖ చెప్పింది, ఆ నెలలోనే లీవర్ తన విభాగం పేరులోంచి హెల్త్ అన్న మాట తీసేసింది. ఆ మాట మీద ఎన్నో ఏళ్లు అమ్ముడైన సరుకు అది. అయినా ఆ మార్చి స్టాండలోన్ (అనుబంధ కంపెనీల్ని కలపని) బ్యాలెన్స్ షీట్‌లో గుడ్‌విల్ చెక్కుచెదరలేదు. అందులో రూల్ తప్పిందేమీ లేదు. ఇంపెయిర్‌మెంట్ పరీక్షకి వాడే రాబోయే ఏళ్ల అమ్మకాల అంచనా, పెరుగుదల రేటు, రేపటి డబ్బుని నేటి విలువకి దించే డిస్కౌంట్ రేటు, ఈ మూడూ మేనేజ్‌మెంట్ వేసేవే, ఆడిటర్ సరిచూసేవే. ఒకసారి తగ్గిస్తే మాత్రం గుడ్‌విల్‌ని మళ్లీ పెంచడానికి వీల్లేదు, అందుకే తగ్గించడానికి ఏ కంపెనీ అయినా తొందరపడదు.

ఏటా కొట్టేసే పాత పద్ధతి తిరిగి తేవాలా అని అంతర్జాతీయ ప్రమాణాల బోర్డు చాలా ఏళ్లు చర్చించి, 2022 నవంబర్‌లో అక్కర్లేదని తేల్చింది. బదులుగా 2024 మార్చిలో ఒక ముసాయిదా ఇచ్చింది: పెద్ద కొనుగోలు చేసిన కంపెనీ, కొన్న రోజు ఏం సాధిస్తామనుకుందో, తర్వాత అందులో ఎంతవరకు నెరవేరిందో నోట్సులో చెప్పాలి. అది ఖరారై ఇండ్ ఏఎస్‌లోకి వస్తే, ఇకముందు జరిగే ఇలాంటి కొనుగోళ్ల గురించి షేర్‌హోల్డరుకి తెలియాల్సింది కంపెనీ నోటినుంచే వస్తుంది.