లెఫ్కాండి సెంటార్: మోకాలి గాటు చుట్టూ ఒక వాదన

1969లో గ్రీసులోని యూబియా దీవిలో, లెఫ్కాండి దగ్గర తవ్వుతున్న బ్రిటిష్ పురావస్తు బృందానికి ఒక సమాధిలో మట్టి బొమ్మ తల దొరికింది. దాని మొండెం ఇంకో సమాధిలో బయటపడింది. రెండూ కలిపితే 36 సెంటీమీటర్ల సెంటార్ అయింది, అంటే గ్రీకు పురాణాల్లోని సగం మనిషి, సగం గుర్రం జీవి. నడుము దాకా మనిషి, వెనక గుర్రం. (మన తుంబురుడికి గుర్రం తల, మనిషి ఒళ్లు. ఇక్కడ లెక్క తిరగబడింది.) క్రీస్తుపూర్వం 900 ప్రాంతం నాటిది. గ్రీకు కళలో ఇదీ సెంటార్ అని గట్టిగా చెప్పగలిగే వాటిలో ఇంతకన్నా పాతది ఇంతవరకూ దొరకలేదు.

బొమ్మ చేతికి ఆరు వేళ్లున్నాయి. ఎడమ మోకాలి దగ్గర కావాలని పెట్టినట్టు ఒక గాటు ఉంది. వాదనంతా ఈ గాటు గురించే. గ్రీకు వీరుడు అకిలీస్‌కు వైద్యం నేర్పిన కైరన్ అనే సెంటార్‌కు, మరో వీరుడు హెరాక్లీస్ వేసిన బాణం పొరపాటున మోకాలికి తగిలిందని పురాణం. అందుకే ఇతడు కైరనే అని చాలామంది పండితులు అంటారు.

చిక్కు ఎక్కడంటే, క్రీస్తుపూర్వం 1200 తర్వాత గ్రీసులోని పాత మైసీనియన్ నాగరికత కోటలు కూలిపోయాయి, వాటితో పాటే లిపి కూడా పోయింది. ఈ బొమ్మ చేసేనాటికి గ్రీసులో రాత లేదు. హోమర్ కావ్యం ఇలియడ్ కూడా ఈ బొమ్మకు తర్వాతి కాలానిదే. అందులో కైరన్‌ను సెంటార్లందరిలోకీ ధర్మాత్ముడన్నారు గానీ, అతనికి గుర్రం ఒళ్లుందని ఎక్కడా వర్ణించలేదు. మోకాలి బాణం కథ మనకు స్పష్టంగా కనిపించేది రోమన్ల కాలపు పురాణ సంకలనంలో. అంటే బొమ్మకూ ఆ రాతకూ మధ్య దాదాపు వెయ్యేళ్లు! అంత దూరం నుంచి పేరు తెచ్చి తగిలించడం నాకు తొందరపాటుగానే కనిపిస్తుంది.

అలాగని గాటును కొట్టిపారేయలేం. గుర్రం ఒంటిని కుమ్మరి సారె మీద కుండలా బోలుగా తీశాడు, మనిషి భాగాన్నీ కాళ్లనూ చేత్తో చేసి అతికించాడు. ముందు కాళ్లకు మనిషి మోకాళ్లే పెట్టాడు. ఇంత ఆలోచించి చేసినవాడి చెయ్యి జారి గాటు పడిందనుకోవడం కష్టం. ఏదో ఒక గాయం కథ నోటిమాటగా నడుస్తూ ఉండాలి, అందులో హీరో పేరు కైరన్ అయినా కాకపోయినా.

పైగా ఇది పాతిపెట్టడానికి ముందే విరిగినట్టుంది, లేకపోతే తల ఒక గోతిలో, మొండెం ఇంకో గోతిలో పడవు. అంటే కొన్నాళ్లయినా బతికున్నవాళ్ల మధ్య తిరిగిన బొమ్మే.