రెమ్‌డెసివిర్: కరోనాకు ముందూ తర్వాతా

2021 ఏప్రిల్‌లో ఆసుపత్రిలో బెడ్ దొరికించుకోవడం ఒక యుద్ధమైతే, ఆ వెంటనే డాక్టర్ రాసిచ్చే ఆరు వయల్స్ రెమ్‌డెసివిర్ తేవడం ఇంకో యుద్ధం. హైదరాబాద్‌లో ఆ మందు కోసం జనం ఎండలో క్యూ కట్టారు. బ్లాక్‌లో అడిగినంత ఇచ్చి కొన్నారు. ఆ టెన్షన్ పడ్డ కుటుంబాలకు ఈ మందు వెనకున్న కథ ఎవరూ చెప్పలేదు. తెలుసుకునే హక్కు మాత్రం వాళ్లకే ఎక్కువగా ఉంది.

రెమ్‌డెసివిర్ కరోనా కోసం పుట్టలేదు. అమెరికా కంపెనీ గిలియడ్ 2009 ప్రాంతంలో హెపటైటిస్-సి మీదా, చిన్నపిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ మీదా చేసిన పరిశోధనలో దీని మూలం ఉంది. ఆ తర్వాత దాన్ని ఎబోలా మీద ప్రయోగించారు. కాంగోలో నాలుగు మందులను పోల్చిన ట్రయల్‌లో వేరే రెండు మెరుగ్గా పనిచేయడంతో 2019 ఆగస్టులో దీన్ని పక్కన పెట్టారు.

అంతకు రెండేళ్ల ముందే, అంటే 2017లో, అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దీన్ని కరోనా కుటుంబానికే చెందిన సార్స్ వైరస్ సోకిన ఎలుకలకు ఇచ్చి చూశారు. నా దృష్టిలో ఈ మొత్తం కథకు కీలకం ఇక్కడే ఉంది. మందు తొందరగా ఇస్తే ఎలుకలు కోలుకున్నాయి. ఆలస్యంగా ఇస్తే వైరస్ తగ్గింది కానీ జబ్బు తీవ్రత తగ్గలేదు. కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. వైరస్ తన ప్రతులను తయారుచేసుకునే పనికి ఈ మందు అడ్డుపడుతుంది. ఆ పని జోరుగా సాగేది మొదటి రోజుల్లో. ఊపిరాడక ఆసుపత్రికి చేరేసరికి చాలామందిలో ఊపిరితిత్తులను దెబ్బతీస్తున్నది సొంత రోగనిరోధక వ్యవస్థే. ఆ దశలో ప్రాణాలు నిలబెట్టేదిగా 2020 జూన్‌లో తేలింది డెక్సామెథాసోన్. చాలా చవకైన పాత స్టెరాయిడ్ అది.

కరోనా రాగానే చేతిలో సిద్ధంగా ఉన్న మందు కనుక రెమ్‌డెసివిర్‌నే బయటికి తీశారు. అందులో తప్పేమీ లేదు. కొత్త మందు తయారీకి ఏళ్లు పడుతుంది. అమెరికా ప్రభుత్వ ట్రయల్‌లో రోగులు కోలుకునే సమయం 15 రోజుల నుంచి 10 రోజులకు తగ్గింది. మరణాలు తగ్గాయని మాత్రం గట్టిగా తేలలేదు. 2020 జూన్‌లో మన దేశం పరిమిత వాడకానికి అనుమతిచ్చింది. హైదరాబాద్‌కు చెందిన హెటిరో కంపెనీ దాన్ని వయల్ 5,400 రూపాయలకు తెచ్చింది. అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి సాలిడారిటీ ట్రయల్ ఫలితాలు వచ్చాయి: మరణాలపై చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. నవంబరు 20న ఆ సంస్థ ఆసుపత్రిలో చేరిన రోగులకు ఈ మందు వాడవద్దని సూచించింది.

అంటే సెకండ్ వేవ్‌కు ఐదు నెలల ముందే ఇదంతా అందరి ముందూ ఉంది. అప్పటి మన కేంద్ర మార్గదర్శకాల్లో కూడా ఇది ఆక్సిజన్ అవసరమైన కొందరికి, లక్షణాలు మొదలైన పది రోజుల లోపు మాత్రమే ఇవ్వాల్సిన మందు. అయినా జనంలో అది ప్రాణం పోసే ఇంజక్షన్‌గా పేరు పడింది. ఏప్రిల్ 11న ఎగుమతులు ఆపారు, ఆ నెలలోనే హెటిరో ధర 3,490కి దిగింది. కొరత గురించి రోజూ మాట్లాడిన అధికారులు, ఇది ఎవరికి అవసరం లేదో కూడా అంతే గట్టిగా చెప్పాల్సింది. అది చెప్పకపోవడం వల్ల నగలు తాకట్టు పెట్టినవాళ్లున్నారు.

మందు పనికిరానిదేం కాదు. ఇంకా ఆసుపత్రి పాలవని, ముప్పు ఎక్కువగా ఉన్న రోగులకు మొదటి వారంలోనే మూడు రోజులు ఇస్తే ఆసుపత్రిలో చేరే అవసరం 87 శాతం తగ్గినట్టు 2021 చివర్లో వచ్చిన ఒక ట్రయల్ చూపింది. ఎలుకల్లో కనిపించిందే మనుషుల్లోనూ కనిపించింది. కానీ ఇది రక్తనాళంలోకి ఎక్కించే మందు. జ్వరం వచ్చిన రెండు మూడు రోజుల్లో టెస్ట్ రిపోర్టు చేతికి రావాలి, ఆపై వరుసగా మూడు రోజులు సెలైన్‌లా ఎక్కించే చోటు ఉండాలి. రిపోర్టుకే రోజుల తరబడి ఎదురుచూసిన ఆ ఏప్రిల్‌లో మన ఊళ్లలో ఆ రెండూ లేవు.