వరిగడ్డిలో లేనిది, బోరు నీటిలో ఉన్నది

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో రెండు మూడు బర్రెలను సాకే ఇంటివారు ఖనిజ లవణ మిశ్రమాన్ని సొంతంగా కలుపుకోదలిస్తే రెండు లెక్కలు వేసుకోవలసి ఉంటుంది. మేతలో ఏది తక్కువగా ఉందన్నది మొదటిది. ఏది ఇప్పటికే ఎక్కువగా అందుతున్నదన్నది రెండవది. ఈ రెండవ లెక్కను వేసేవారు అరుదు.

కొరత వరిగడ్డి దగ్గరే మొదలవుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద హాలియా, మిర్యాలగూడ వైపు పశువుకు ప్రధానమైన మేత అదే. కిలో వరిగడ్డిలో భాస్వరం సుమారు ఒక గ్రాము ఉంటుంది. కాల్షియం మూడు గ్రాముల దాకా ఉన్నా, గడ్డిలోని ఆగ్జలేట్లు దానిలో కొంత భాగాన్ని పట్టి ఉంచి ఒంటికి పట్టనీయవు. బర్రె మాత్రం లీటరు పాలకు దాదాపు 1.8 గ్రాముల కాల్షియాన్ని తన ఒంటి నుంచి ఇస్తుంది. మేతలోనిది సగం కూడా రక్తంలోకి చేరదు గనుక, ఆ లీటరు కోసం తినవలసింది నాలుగు గ్రాముల వరకు ఉంటుంది.

కుడితిలో తవుడు కలిపితే లెక్క మారుతుంది. కిలో తవుడులో భాస్వరం 13 నుంచి 15 గ్రాములుండగా, కాల్షియం ఒక గ్రాముకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉండటం వల్ల కోడి దానిని సరిగా వాడుకోలేదు. నెమరువేసే పశువుకు మాత్రం పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు దానిని విడగొట్టి అందిస్తాయి. కాబట్టి తవుడు తినే బర్రెకు ముందుగా కావలసింది కాల్షియం. వట్టి గడ్డి మీద బతికే పశువుకు ముందుగా కావలసింది భాస్వరం. గోడలు నాకడం, గుడ్డలు, ఎముకలు నమలడం భాస్వరం కొరతకు తరచుగా కనిపించే గుర్తులు. ఈనిన కొద్ది వారాలలో కొన్ని బర్రెలకు మూత్రం ఎర్రగా రావడానికీ ఇదే కారణం కావచ్చు. అయితే పిడుదుల వల్ల వచ్చే జబ్బులోనూ అదే లక్షణం కనిపిస్తుంది కనుక దాని నిర్ధారణను పశువైద్యునికే వదలాలి.

ఇంట్లో కలుపుకునే మిశ్రమానికి మూడు సరుకులు చాలు. పది కిలోలకు నాలుగు కిలోల దాణా రకం డైకాల్షియం ఫాస్ఫేట్, మూడు కిలోల మెత్తని సున్నపురాయి పొడి, మూడు కిలోల అయోడిన్ ఉప్పు తీసుకుంటే, పెద్ద పశువుకు రోజూ దాణాలో కలిపే 60 గ్రాములలో కాల్షియం 12, భాస్వరం 4 గ్రాములకు పైగా అందుతాయి. తవుడు ధారాళంగా పెట్టేవారు ఫాస్ఫేటును తగ్గించి సున్నపురాయి పొడిని పెంచుకోవచ్చు. సున్నపు తేట తాగిస్తే సరిపోతుందని అనుకునేవారు ఉన్నారు గానీ, లీటరు తేటలో ఒక గ్రాము కాల్షియం కూడా కరగదు. అంతకంటే వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లికాయ తెంపాక మిగిలే కట్టె మేలు. అందులో కిలోకు దాదాపు పది గ్రాముల కాల్షియం ఉంటుంది. ఒట్టిపోయి, ఈనడానికి రెండు మూడు వారాలున్న పశువుకు మాత్రం కాల్షియం అదనంగా పెట్టకూడదు. ఎముకలలోని కాల్షియాన్ని రక్తంలోకి తీసే ఏర్పాటు అప్పుడు మందగించి, ఈనగానే పాల జ్వరం, అంటే రక్తంలో కాల్షియం పడిపోయి పశువు కూలబడే జబ్బు, వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

ఇక రెండవ లెక్క. మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపు బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఇళ్లకు కృష్ణా నీరు వచ్చినా, చాలా కొట్టాలలో తొట్టి నిండేది బోరుతోనే. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీటిని రోజుకు 50 లీటర్లు తాగే బర్రెకు 150 మిల్లీగ్రాములు చేరుతుంది. ఇప్పుడు ధర తక్కువని డైకాల్షియం ఫాస్ఫేట్‌కు బదులు రాక్ ఫాస్ఫేట్‌ను, అంటే భాస్వరం ఉన్న రాతి పొడిని, తెచ్చి కలిపామనుకుందాం. ఆ రాతిలో సుమారు 3 శాతం ఫ్లోరిన్ (ఫ్లోరైడ్ రూపంలో) ఉంటుంది కనుక, 50 గ్రాములతో 1500 మిల్లీగ్రాములు, అంటే ఆ నీటి వల్ల వచ్చే దానికి పదింతలు, ఒంట్లో పడుతుంది. పొలానికి చల్లే సూపర్ ఫాస్ఫేట్‌లోనూ ఫ్లోరిన్ చాలా మిగిలే ఉంటుంది. పళ్లు గోధుమ రంగుకు మారి అరగడం, కాళ్ల ఎముకల మీద గట్టి బుడిపెలు రావడం, కుంటడం ఒంట్లో ఫ్లోరిన్ ఎక్కువైతే కలిగే ఫలితాలు. కుంటితనాన్ని చూసి కాల్షియం లోపమనుకొని అదే పొడిని మరికొంత పెంచడం ఇందులో అతి విషాదకరమైన పొరపాటు. భారతీయ ప్రమాణాల ప్రకారం పశువుల ఖనిజ మిశ్రమంలో ఫ్లోరిన్ 0.07 శాతం మించరాదు. అటువంటి 50 గ్రాములలో ఉండేది 35 మిల్లీగ్రాములే.

రాగి, జింకు, కోబాల్టు వంటి వాటిని ఇంట్లో కలపబూనడం నాకు సమ్మతం కాదు. పది కిలోల మిశ్రమానికి కావలసిన కోబాల్టు ఒక గ్రాముకు కొంచెం ఎక్కువ. దానిని పారతో కలిపి ప్రతి పిడికిట్లోకీ సమానంగా చేర్చడం అసాధ్యం. వాటి కోసం ప్రమాణ ముద్ర ఉన్న మిశ్రమాన్ని కొని, మన మూడు సరుకులలో కొంత భాగానికి బదులుగా వాడుకోవడం మంచిది.

అలా కొన్న మిశ్రమంలో రాగి ఉంటుంది. పాలమూరు పల్లెలలో బర్రెలూ గొర్రెలూ ఒకే వాకిట్లో కనిపించడం మామూలే. బర్రె తట్టుకునే రాగి గొర్రెకు విషమవుతుంది. అది నెలల తరబడి కాలేయంలో పేరుకొని, ఒక్కసారిగా రక్తంలోకి విడుదలై ఎర్ర కణాలను పగలగొట్టడంతో, బాగానే మేస్తున్న గొర్రె కామెర్లతో ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. కాబట్టి బర్రెల దాణా తొట్టిని గొర్రెల మూతికి అందనంత ఎత్తులో కట్టాలి.