సైక్లింగ్ సప్లిమెంట్లు: అపోహలు - వాస్తవాలు

బీఆర్ఎం (గడువులోపు పూర్తిచేయాల్సిన లాంగ్ సైకిల్ రైడ్) సీజన్ మొదలైతే చాలు, సైక్లిస్టులు నాకు తాము తినే తిండి వివరాల కంటే ముందు సప్లిమెంట్ డబ్బాల ఫొటోలు పంపిస్తారు. 200 కిలోమీటర్లు, పదమూడున్నర గంటల గడువు. ఏ పొడి మంచిదని అడిగేముందు, అది ఎంతసేపటి శ్రమకు పనికొస్తుందో అడగండి. డబ్బా మీద రాయనిది అదే.

అపోహ: బీసీఏఏ (మూడు అమైనో ఆమ్లాల పొడి) తాగుతూ తొక్కితే అలసట రాదు.
వాస్తవం: వస్తుంది. ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ దీన్ని గ్రూప్ సీలో పెట్టింది, అంటే లాభం ఉందనడానికి తగిన ఆధారాలు లేనివాటిలో. పప్పు, పెరుగు, గుడ్డు సరిగ్గా తినేవాళ్లకు ఆ మూడు అమైనో ఆమ్లాలూ కంచంలోనే ఉన్నాయి.

అపోహ: ఖరీదైన ఎనర్జీ జెల్స్ (చిన్న ప్యాకెట్లలో వచ్చే చిక్కటి తీపి కార్బోహైడ్రేట్) లేకపోతే లాంగ్ రైడ్ కష్టం.
వాస్తవం: కావాల్సింది కార్బోహైడ్రేట్, జెల్ కాదు. గంటకు 30 నుంచి 60 గ్రాములు చాలామందికి సరిపోతాయి. పేగు గంటకు సుమారు 60 గ్రాముల గ్లూకోజునే పీల్చుకోగలదు. ఫ్రక్టోజ్ వేరే దారిలో వెళ్తుంది కాబట్టి రెండూ కలిపితే 90 దాకా వెళ్లొచ్చు. జెల్ కంపెనీలు గొప్పగా చెప్పే ఈ కలయిక మన చక్కెరలో పుట్టుకతోనే ఉంది: సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. 750 మిల్లీలీటర్ల బాటిల్‌లో 60 గ్రాముల చక్కెర, పావు టీస్పూన్ ఉప్పు, ఒక నిమ్మకాయ. అంతే. షుగర్, బీపీ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగాలి. ఎంత తీసుకున్నా ముందు ట్రైనింగ్ రైడ్లలో కడుపుకి అలవాటు చేయండి. ఈవెంట్ రోజు కొత్తగా మొదలుపెడితే రోడ్డు పక్కన ఆగాల్సింది మీరే.

అపోహ: ఓఆర్ఎస్ ఎనర్జీ డ్రింక్ లాంటిదే.
వాస్తవం: అది విరేచనాల కోసం చేసిన ఫార్ములా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. ఉప్పు అందుతుంది, కాళ్లకు ఇంధనం అందదు. ఆ పేరు పెట్టుకుని అమ్మిన తీపి పానీయాలు వేరే కథ. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దంది. అలాగని గంటలకొద్దీ ఉత్త నీళ్లే అతిగా తాగినా రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణాంతకం కావచ్చు.

అపోహ: క్రియాటిన్, బీటా అలనైన్ పనిచేస్తాయని రుజువైంది, కాబట్టి మనకూ పనికొస్తాయి.
వాస్తవం: రుజువైన మాట నిజమే, కానీ ఎక్కువగా సెకన్లు, నిమిషాల శ్రమకు. క్రియాటిన్‌తో ఒంట్లో నీరు చేరి కిలో, రెండు కిలోల బరువు పెరగొచ్చు. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఆ బరువు మోయాల్సింది మన కాళ్లే.

అపోహ: కాఫీ తాగితే డీహైడ్రేషన్.
వాస్తవం: మామూలు మోతాదులో కాదు. నిజానికి సైక్లింగ్‌లో బాగా నిలబడ్డ సప్లిమెంట్ కెఫీనే. కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు, గంట ముందు. 60 కిలోల మనిషికి 180 మిల్లీగ్రాములు. అయితే ఒంట్లో అది సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. 600 కిలోమీటర్ల బీఆర్ఎంలో రాత్రి కాసేపు కునుకు తీద్దామనుకునేవాళ్లు సాయంత్రం నుంచే ఆపడం మంచిది.

అపోహ: బీట్‌రూట్ జ్యూస్ అందరికీ స్పీడ్ పెంచుతుంది.
వాస్తవం: కొంతమందికి, కొంచెం. రెండు మూడు గంటల ముందు తాగాలి. బాగా ట్రైనింగ్ ఉన్నవాళ్లలో లాభం తక్కువ. పైగా బీట్‌రూట్‌లో పనిచేసే నైట్రేట్‌ను ఒంటికి పనికొచ్చేలా మార్చేది నోట్లోని బ్యాక్టీరియా. పొద్దున్నే యాంటీబ్యాక్టీరియల్ మౌత్‌వాష్ పుక్కిలిస్తే జ్యూస్ దండగ.

అపోహ: విటమిన్ సి, ఈ మాత్రలతో రికవరీ వేగంగా అవుతుంది.
వాస్తవం: రోజూ పెద్ద మోతాదులో వేసుకుంటే, ట్రైనింగ్ వల్ల కండరంలో రావాల్సిన మార్పులే తగ్గవచ్చు. జామకాయ తినండి.

అపోహ: షాపులో దొరికేది కాబట్టి డోపింగ్ సమస్య ఉండదు.
వాస్తవం: 2004లో ప్రచురితమైన, జర్మనీలోని కొలోన్ డోపింగ్ పరీక్షల ల్యాబ్ అధ్యయనంలో, 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లలో 94 డబ్బాల్లో లేబుల్ మీద లేని స్టెరాయిడ్ పదార్థాలు బయటపడ్డాయి. ‘హెర్బల్’ అని రాసున్నా నమ్మకం లేదు. ఒంట్లో ఏం దొరికినా బాధ్యత క్రీడాకారుడిదే, ‘నాకు తెలియదు’ అంటే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా వదిలేయదు. పోటీల్లో దిగేవాళ్లు నిషేధిత పదార్థాల కోసం బ్యాచ్ వారీగా పరీక్ష చేసిన డబ్బానే కొని, ఆ బ్యాచ్ నంబర్ ఫొటో తీసి దాచుకోండి.