పైపు లెక్క, బకెట్ లెక్క: ఎండాకాలంలో కార్లు, తోటలు - అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ఇరవై ఏళ్లకు పైగా తోటపని చేస్తున్నాను. చిన్న నర్సరీ ఉంది, కొన్ని ఇళ్ల తోటలు, మూడు అపార్ట్‌మెంట్ల పచ్చిక నా చేతి కింద ఉన్నాయి. మా తమ్ముడు వాహనాల వాటర్ సర్వీసింగ్ షెడ్డు నడుపుతాడు. నీళ్లు తగ్గాయి, వాడకం తగ్గించండి అని మాట రాగానే మొదట దెబ్బ తగిలేది మా ఇద్దరి పనికే. ఫోన్లు కూడా మాకే వస్తాయి. "చెట్లు చచ్చిపోతాయా?" అని నన్ను, "కారు రంగు పోతుందా?" అని వాణ్ణి అడుగుతారు. అడిగేవాళ్ల మాటల్లో ప్రతి ఏడాదీ అవే అపోహలు వినిపిస్తాయి. మా చేతులతో చేసి, తవ్వి, కొలిచి చూసినవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "కారుకు, నాలుగు మొక్కలకు ఎన్ని నీళ్లు పడతాయిలే!"

ఈ మాట అన్నవాళ్లను నేను ఒకటే పని చేయమంటాను. మీ పైపు కింద 15 లీటర్ల బకెట్ పెట్టి, నిండడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో చూసుకోండి. మోటారు నీళ్లయితే చాలా ఇళ్లలో నిమిషం అటూ ఇటూగా నిండిపోతుంది. అంటే నిమిషానికి 15 లీటర్లు. కారు కడగడానికి ఇరవై నిమిషాలు పైపు వదిలితే 300 లీటర్లు. సబ్బు రుద్దుతున్నంతసేపు పైపు నేల మీద పడి పారుతూ ఉంటుంది కదా, ఆ నీళ్లూ అందులోవే. అదే కారును మా తమ్ముడు రెండు బకెట్లతో, అంటే 30 లీటర్లతో శుభ్రంగా కడిగి చూపిస్తాడు.

పచ్చిక లెక్క ఇంకా పెద్దది. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తు నీళ్లు నిలిస్తే అది ఒక లీటరు. వంద చదరపు గజాల పచ్చిక అంటే సుమారు 84 చదరపు మీటర్లు. మే నెలలో దాన్ని పచ్చగా ఉంచాలని రోజుకు 5 మిల్లీమీటర్లు పెడితే 420 లీటర్లు కావాలి. ఒక్కరోజుకు! నలుగురున్న ఇంటికి తాగడానికి, వంటకు, స్నానాలకు సరిపోయే నీళ్లవి.

పైపు పట్టుకున్న చేతికి లెక్క తెలియదు. బకెట్ మోసిన చేతికి బాగా తెలుస్తుంది. నీళ్లు తగ్గించమన్నప్పుడు నేను మొదట చెప్పేది ఇదే: పైపు చుట్టేసి పక్కన పెట్టండి, బకెట్, చెంబు తీయండి. మిగతా మెలకువలు ఆ తర్వాతే.

అపోహ: "మాది సొంత బోరు, ఎవరూ అడగడానికి లేదు"

ఇది నన్ను నిజంగా బాధపెట్టే మాట. మన కింద ఉన్నది రాతి నేల. నీళ్లు ఇసుకలో ఉన్నట్టు అంతటా నిండి ఉండవు, రాతి పగుళ్లలో ఉంటాయి. మీ బోరు, పక్కింటి బోరు ఒకే పగులును తాకి ఉండొచ్చు. మీరు రెండు గంటలు మోటారు వేస్తే పక్కవాళ్లకు గాలి వస్తుంది. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల రైతులకు ఈ సంగతి చెప్పాల్సిన పనే లేదు, వెయ్యి అడుగులు దించినా దుమ్ము లేచిన బోర్లు వాళ్లు చూశారు.

చట్టం కూడా మీరనుకున్నట్టు లేదు. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోర్లు నమోదు చేయించాలి. భూమిలోంచి తోడిన మంచినీటిని వృథా చేయడం, దుర్వినియోగం చేయడం కూడదని కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ 2020 అక్టోబరులో దేశమంతటికీ వర్తించేలా ఆదేశమిచ్చింది. మన పిల్లలు ఉద్యోగాలు చేసే బెంగళూరులో 2024 మార్చిలో జలమండలి తాగునీటితో కార్లు కడగడాన్ని, తోటలకు పోయడాన్ని నిషేధించి, తప్పితే 5,000 రూపాయల జరిమానా అంది.

ట్యాంకరు నీళ్లు కొన్నా అంతే. ఆ ట్యాంకరు ఆకాశం నుంచి దిగదు, ఏదో పల్లెలో ఎవరో రైతు బోరు దగ్గర నిండి వస్తుంది.

అపోహ: "కండలేరు నీళ్లు, కల్యాణి డ్యామ్ ఉండగా తిరుపతికి కరువేంటి?"

తెలుగుగంగ కాలువ ద్వారా కండలేరు జలాశయం నుంచి వచ్చే కృష్ణా నీళ్లకు శ్రీశైలం నిండాలి, సోమశిల దాటి రావాలి. ఎక్కడో పైన వాన పడకపోతే ఇక్కడి కొళాయి సన్నబడుతుంది. కల్యాణి డ్యామ్ మన శేషాచలం వాన మీద బతికేది. 2024 ఆగస్టులో వానలు సరిగా పడక తిరుమలలో నీటి వాడకాన్ని టీటీడీ తగ్గించాల్సి వచ్చింది. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార, ఇన్ని డ్యాములున్న కొండ అది. రోజుకు సుమారు 43 లక్షల గ్యాలన్లు కావాలి అక్కడ, అందులో ఎక్కువ భాగం కింద ఉన్న కల్యాణి నుంచే పైకెక్కాలి. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగింది, ఊరు మునిగింది, మూడేళ్లు తిరక్కముందే ఈ పరిస్థితి.

అపోహ: "రోజూ పోయకపోతే మొక్క చచ్చిపోతుంది"

కిందటి వేసవిలో ఒక పెద్దమ్మ ఇంటికి పిలిచింది. మల్లె పొద వాడిపోతోందని దిగులు.

"రోజూ పోస్తానే ఉండా నాయనా, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అయినా తల వాల్చేస్తా ఉండాది."

నేను గుణపం తీసుకుని పాదు పక్కన జానెడు లోతు తవ్వాను. పైన అంగుళం తడి, దాని కింద పొడి మట్టి. ఎర్రనేల ఎండిపోతే మొదటి నీళ్లను లోపలికి రానీయదు, పక్కలకు జారవిడుస్తుంది. ఆమె పోసిన నీళ్లు పైపైన తడిపి, ఎండకు ఎగిరిపోతున్నాయి. వేళ్లు కూడా ఆ పై తడికి ఆశపడి పైకే వచ్చేశాయి. వేరు పైకొచ్చిన మొక్కకు ఒక్కరోజు తడి తప్పినా ప్రాణం మీదికొస్తుంది.

"చూడు పెద్దమ్మా, నీళ్లు తక్కువై కాదు, లోపలికి దిగక."

పాదు వెడల్పు చేసి, గొప్పు తవ్వి, మొదట ఒక చెంబు పోసి మట్టి మెత్తబడేదాకా పది నిమిషాలు ఆగాం. తర్వాత ఒక బకెట్ నెమ్మదిగా పోశాం. పైన వేరుశెనగ పొట్టు రెండంగుళాల మందాన పరిచాం. ఆ పొదకు తర్వాత నాలుగు రోజులకొకసారి ఒక బకెట్ తడి సరిపోయింది. రోజుకు రెండుసార్లు పైపు పెట్టినప్పటికంటే ఎంత తక్కువో చూడండి.

నేల మీద పరచడానికి మన జిల్లాల్లో దొరకనిదేముంది? వేరుశెనగ పొట్టు, చెరకు పిప్పి, కొబ్బరి పీచు, రాలిన మామిడాకు. ఊడ్చిన ఆకును చాలామంది తగలబెట్టేస్తారు. చెట్టు కప్పుకోవడానికి రాల్చుకున్న దుప్పటిని మనం కాల్చేస్తున్నాం. ఒక జాగ్రత్త: కాండానికి ఆనించకుండా నాలుగు వేళ్లు దూరంగా పరచండి, ఆనితే మొదలు కుళ్లుతుంది.

పోయాలో వద్దో తేల్చుకోవడానికి వేలు చాలు. రెండు కణుపుల లోతు గుచ్చండి. లోపల చల్లగా, తడిగా తగిలితే ఆ రోజు పోయొద్దు. మధ్యాహ్నం ఆకు వాలిందని పరుగెత్తుకెళ్లొద్దు, చాలా మొక్కలు ఎండను తట్టుకోవడానికి ఆకు వాలుస్తాయి. సాయంత్రం ఆరింటికి కూడా తేరుకోకపోతే అప్పుడు పోయండి.

ఇంకో పాత పద్ధతి, మళ్లీ వాడమని అందరికీ చెబుతున్నాను. రంగు వేయని కొత్త మట్టికుండను మొక్క పక్కన మెడ వరకు పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. కుండ గోడల్లోంచి నీళ్లు ఊరి వేళ్లకే అందుతాయి. ఊరికి వెళ్లినా రెండు మూడు రోజులు బెంగ ఉండదు.

అపోహ: "అన్నిటికీ సమానంగా తగ్గిస్తే న్యాయం"

కాదు. నీళ్లు తగ్గినప్పుడు వరస పెట్టుకోవాలి. ఈ రెండేళ్లలో నాటిన చెట్లు మొదట, ఎందుకంటే వాటి వేరు ఇంకా దిగలేదు, పోతే తిరిగి పెంచడానికి ఏళ్లు పడుతుంది. తర్వాత కూరగాయలు, కుండీలు, ఆ తర్వాత పొదలు. పచ్చిక అన్నిటికంటే చివర.

పచ్చిక ఎండితే గుండె ఎండినట్టు మాట్లాడతారు. గరిక జాతి ఎండి గోధుమరంగుకు తిరిగినా వేరు బతికే ఉంటుంది, చేను గట్టు మీద రోజూ చూస్తూనే ఉన్నాం కదా, ఒక వాన పడగానే లేస్తుంది. కొరియన్, మెక్సికన్ గడ్డికి అంత ఓపిక లేదు. అందుకే కొత్తగా వేయించుకుంటామన్నవాళ్లకు నేను ఆ గడ్డి వేయను, నాకు వచ్చే డబ్బు పోయినా సరే.

కాగితంపూల చెట్టుకు, గన్నేరుకు నీళ్లు తగ్గిస్తే నష్టమేమీ లేదు. కాగితంపూలు కాస్త దప్పికగా ఉంటేనే విరగబూస్తాయి. పెరట్లో ముదిరిన మామిడికి కార్తీకం, మార్గశిరాల్లో నీళ్లు పోయడం అసలు తప్పు, పూత రావాల్సిన చోట చిగురు వస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక తడి ఇస్తే చాలు. తోతాపురి రైతులెవరినైనా అడగండి.

అపోహ: "ఇంట్లో వాడిన నీళ్లన్నీ మొక్కలకు మంచివే"

సగం నిజం. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు నిస్సందేహంగా పోయండి. ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టండి, ఆ నీళ్లలో ఉప్పు ఉండదు, కుండీలకు మేలు. బట్టలు ఉతికిన మొదటి నీళ్లు వద్దు. నేను నర్సరీ మొదలుపెట్టిన కొత్తలో ఆదా అవుతుందని సర్ఫు నీళ్లు కనకాంబరం మడికి వారాల తరబడి పోశాను. మడి మొత్తం పోయింది. ఆ సబ్బులోని సోడియం మట్టిని బిగదీసేసింది, తవ్వితే పెంకులా లేచింది. చివరి జాడింపు నీళ్లయితే చెట్లకు పోయొచ్చు, అదీ రోజూ ఒకే చెట్టుకు కాకుండా మార్చి మార్చి.

ఆర్ఓ మిషను వదిలే నీళ్లు ఇంకా ఉప్పగా ఉంటాయి. మన బోరు నీళ్లే కుండీ అంచున తెల్లని పొర కడతాయి, ఆర్ఓ నీళ్లలో ఆ ఉప్పంతా చిక్కబడి ఉంటుంది. వాటిని ఇల్లు తుడవడానికి, బాత్రూముకు, కారు చక్రాలకు వాడండి.

అపోహ: "రోజూ కడిగితేనే కారు మెరుస్తుంది", "నీళ్లు లేకపోతే పొడి గుడ్డతో తుడిస్తే సరి"

రెండూ రంగును పాడుచేసేవే. మన వైపు గ్రానైటు దుమ్ము ఉంది, చిత్తూరు రోడ్డు మీద తిరిగే బండ్లకు మరీ. ఆ దుమ్ములో రంగు కంటే గట్టి రేణువులుంటాయి. పొడి గుడ్డతో రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. అపార్ట్‌మెంట్లలో ఒకే బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో పది కార్లు తుడుస్తుంటారు. నాలుగో కారుకు ఆ నీళ్లు బురద. వాళ్లను తప్పుపట్టను, మనం ఇచ్చే జీతానికి, ఇచ్చే సమయానికి అంతే కుదురుతుంది.

మా తమ్ముడి పద్ధతి ఇది. నీడలో, బానెట్ చల్లారాక మొదలుపెట్టాలి. ముందు చెంబుతో పైనుంచి కిందికి నీళ్లు జారవిడిచి దుమ్ము మెత్తబడనివ్వాలి. ఒక బకెట్‌లో కారు షాంపూ, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. మైక్రోఫైబర్ గుడ్డను షాంపూలో ముంచి ఒక భాగం తుడవడం, ఉత్త నీళ్లలో జాడించడం, మళ్లీ షాంపూ. పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపులు, చివర చక్రాలు. గుడ్డను గుండ్రంగా తిప్పకుండా నిలువుగా లాగాలి. బోరు నీళ్లు కారు మీదే ఆరితే తెల్ల మచ్చలు పడతాయి కాబట్టి వెంటనే శుభ్రమైన పొడి గుడ్డతో తుడిచేయాలి. అంట్లు తోమే సబ్బు వద్దు, అది మైనపు పూతను లాగేస్తుంది.

వారాలపాటు కడగకపోయినా కారుకు ఏమీ కాదు. ఆగకుండా చూడాల్సినవి మూడే: ముందు వెనక అద్దాలు, లైట్లు, పిట్టల రెట్ట. రెట్టను తడిగుడ్డ కాసేపు వేసి నాననిచ్చి తీయండి, ఒక గ్లాసు నీళ్లు చాలు.

టాక్సీ నడిపే తమ్ముళ్లకు ఒక మాట. ఘాట్ దిగి రాగానే చక్రాల మీద నీళ్లు కొట్టొద్దు. బ్రేకు డిస్కు కాగి ఉంటుంది, ఒక్కసారిగా చల్లబడితే వంకర తిరిగే ప్రమాదం ఉంది.

అపోహ: "షెడ్డులో కడిగిస్తే ఇంకా ఎక్కువ నీళ్లు పోతాయి"

షెడ్డును బట్టి. ప్రెషర్ గన్ చప్పుడుకు భయపడతారు కానీ, చిన్న మిషన్లు నిమిషానికి తోడేది పైపు కంటే తక్కువే. అసలు అడగాల్సింది, కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయని. మా తమ్ముడు మూడు తొట్లు కట్టించాడు. మొదటిదాంట్లో మట్టి దిగుతుంది, రెండోదాంట్లో నూనె తేలుతుంది, మూడోదాంట్లోని నీళ్లు చక్రాలకు, కింది భాగానికి మళ్లీ వాడతాడు. తొట్లు లేని షెడ్డులో ఆ నూనె కాలవ పట్టుకుని స్వర్ణముఖి దాకా పోతుంది.

అపోహ: "మేము కారు కడగం, తోట లేదు, మా ఇంట్లో వృథా లేదు"

వాకిలి పైపుతో కడిగే ఇళ్లున్నాయి. కళ్లాపికి చెంబు నీళ్లు చాలు, ముగ్గు అంతే అందంగా నిలుస్తుంది.

ఇంకొకటి, రాత్రి పడుకునే ముందు కొళాయిలన్నీ కట్టేసి, మోటారు ఆపి, సంపులో నీళ్లు ఎక్కడున్నాయో గోడ మీద సుద్దతో గీత పెట్టండి. మిద్దె మీది ట్యాంకుకూ అలాగే. పొద్దున్నే చూడండి. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పున్న సంపులో నీళ్లు ఒక్క సెంటీమీటరు దిగినా 30 లీటర్లు పోయినట్టు. మా తమ్ముడు ఒక కారు కడిగేది అన్ని నీళ్లతోనే. నేను తోట చూసే ఒక అపార్ట్‌మెంట్‌లో మిద్దె మీది ట్యాంకులో ఆ గీత పొద్దునకు నీటికి నాలుగు వేళ్లు పైన కనిపించింది. రెండు ఫ్లష్ ట్యాంకుల ఫ్లోట్ వాల్వులు, వాషర్లు మార్చడానికి ప్లంబరుకు ఒక పూట పట్టింది.